చూసి వచ్చిన మనిషి

“కూరలు తర్వాత సర్దుకోవచ్చులే. ముందు కూర్చుని చెప్పు, మర్చిపోతావు,” అన్నారు మా వారు.

నేను మర్చిపోను. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా నాలుగేళ్ళుగా ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఆ మాట అంటూనే ఉన్నారు. సంచి గుమ్మం పక్కన దించి, చెప్పులు విప్పి, ఇంకా ఆయాసం తీరకుండానే ఆయన బల్ల ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కుర్చీకి చేతులున్నాయి, నడుముకి దిండుంది. కలం మూత తీసి, కాగితం సరిచేసుకుని, పరీక్ష హాల్లో పిల్లవాడిలా సిద్ధంగా ఉన్నారు.

“బేకరీ ఎత్తేశారండీ. బోర్డు దింపేస్తే దాని వెనక గోడ మీద పాత అక్షరాలు బయటపడ్డాయి. ‘గొడుగులు బాగు చేయబడును’ అని. అంటే బేకరీ కంటే ముందు అక్కడ గొడుగుల కొట్టు ఉండేదన్న మాట. ఆ పక్కన టైపు నేర్పేవారు చూడండి, అదిప్పుడు జిమ్ము అయింది. మిషన్లు పెట్టిన బల్లల మీదే ఇప్పుడు బరువులు పెట్టుకున్నారు.”

“అక్షరాలు ఏ రంగు?”

“నీలం. ‘గొ’ సగం పోయింది. ఆ మాటలో ‘డుగులు’ ఒక్కటే స్పష్టంగా ఉంది.”

“ఆఁ, బావుంది,” అని రాసుకున్నారు.

ఆ ఆదివారం పేపర్లో ఇలా వచ్చింది: ‘వాన వెలిసిన ఒక ఉదయం నా అడుగులు అప్రయత్నంగా ఆ మూల వైపు మళ్ళాయి...’ ఆ ఉదయం ఆయన అడుగులు మంచం నుంచి బాత్రూం దాకా, బాత్రూం నుంచి కుర్చీ దాకా మళ్ళాయి. మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

మా వారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళో మారిపోతున్న వీధుల గురించి వారం వారం రాయమని పేపరువాళ్ళు అడిగారు. మొదటి ఆరు వ్యాసాలూ తనే తిరిగి రాశారు, అది ఒప్పుకోవాలి. ఏడోదానికి మోకాలు మొండికేసింది. నడవలేకపోతున్నానని పేపరుకి చెప్పడం ఆయనకి నామోషీ. “పాలకి ఎలాగూ వెళ్తావుగా, ఆ చివర ప్రింటింగ్ ప్రెస్సు ఉందో ఊడిందో ఓ చూపు చూసి రా,” అన్నారు. చూసి వచ్చాను. ప్రెస్సు లేదు, అక్కడ కళ్ళజోళ్ళ షాపుంది, కానీ గుమ్మం రాయి మీద సీసం అక్షరాలు పడి పడి ఏర్పడిన గుంటలున్నాయని చెప్పాను. ఆయన నావైపు తేరిపార చూశారు. పెళ్ళయిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను చెప్పిన దాన్ని ఆయన కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి.

నిజానికి ఈ ఊరి వీధులు నాకు అంతకు ముందే తెలుసు. పదకొండేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గదిలో పనిచేశాను. ఆ గదికి కిటికీలు లేవు. గోడంతా అరలు, ఒక్కో అరా ఒక్కో వీధి. ఏ వీధిలో లాయర్లున్నారో, ఏ వీధికి ఆస్పత్రి కవర్లు ఎక్కువ వెళ్తాయో, ఏ ఇంటికి ఒకే చేతిరాతతో నెలనెలా ఉత్తరం వచ్చి ఉన్నట్టుండి ఆగిపోయిందో నాకు తెలిసేది. వీధిని చూడకుండానే వీధి మనసు తెలిసేది. అత్తయ్య జారిపడి తుంటి విరిగిన ఏడాది మానేశాను. “ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలి కదా,” అన్నారాయన. ఆ ఒకరు ఎవరన్న చర్చ మా ఇంట్లో జరగలేదు.

అందుకే ప్రెస్సు చూసి రమ్మన్న రోజున నాకేదో తలుపు తెరుచుకున్నట్టయింది. కవర్ల మీద చదివిన పేర్లన్నీ ఒక్కొక్కటే గోడలై, మెట్లై, షట్టర్లై ఎదురొచ్చాయి. మొదట్లో పాల కోసం వెళ్ళి చూసేదాన్ని. తర్వాత చూడడం కోసం పాలకి వెళ్ళేదాన్ని. ఇంటికొచ్చాక కాళ్ళు ఊరుకునేవి కావు. గిన్నెలు తోముతూ ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారేదాన్ని. అత్తయ్యకి మందులిచ్చి మంచం పక్కన కూర్చుంటే మడమ దానంతటది ఊగేది. ఒళ్ళు ఇంట్లో, ప్రాణం రోడ్డు మీద. అత్తయ్యకి ఇవన్నీ కనిపిస్తాయి. చెవులు పోయినా కళ్ళు పోలేదావిడకి. “నీ పెళ్ళాం కాలికి బలపం కట్టుకుని తిరుగుతోందిరా,” అంది ఒకరోజు కొడుకుతో, నేను అక్కడ లేనట్టు. “నా పని మీదే వెళ్ళిందిలే అమ్మా,” అన్నారాయన. నా తరఫున మాట్లాడారని సంతోషించాలో, నా నడక కూడా ఆయన పనే అయిపోయిందని ఏడవాలో తేల్చుకోలేక కుక్కరు మూత బిగించాను.

ఆయన అభిమానులు ఇంటికి కూడా వచ్చేవారు. రిటైరైన ఇంజనీరొకాయన వచ్చి, “మాస్టారివి డేగ కళ్ళండీ! సినిమా హాలు పోయి ఫర్నిచర్ షాపు వచ్చిందని అందరికీ తెలుసు. టిక్కెట్లిచ్చే కిటికీ ఊచలు ఇంకా అలమరాల వెనకాల ఉన్నాయని ఎవరు గమనిస్తారు?” అన్నాడు. నేను ఆయన ముందు కాఫీ పెడుతున్నాను. “అలవాటైపోయిందండీ,” అన్నారు మా వారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఇంజనీరుగారు నావైపు తిరిగి ఎంతో ఆదరంగా, “మీరు కూడా అప్పుడప్పుడూ వారితో బయటికి వెళ్తుండండమ్మా, పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటే ఎలా?” అన్నాడు.

ఆయన వెళ్ళాక ఉండబట్టలేక, “ఊచలు చూసింది నేనని ఒక్క మాట అంటే ఏం పోయింది?” అన్నాను.

మా వారికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. పిల్లలకి పాఠం చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. “చూడు, నువ్వు తెచ్చేవి కబుర్లు. వాటిని వ్యాసం చెయ్యడం ఇంకో విద్య. ఇటుకలు మోసిన మనిషీ మేస్త్రీ ఒకటేనా?”

ఇక్కడొక మాట దాచకూడదు. నాకూ బాగుండేది. ఆదివారం పేపరు రాగానే ఆయన పైకి చదివేవారు, “ఎలా ఉంది?” అని నన్నే అడిగేవారు. నేను చూసిన గుమ్మం రాయి, నేను చూసిన నీలం అక్షరాలు అచ్చులో కనపడితే లోపల ఎక్కడో పొంగేది. బావుందండీ అనేదాన్ని. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి. ఏదో ఒకనాడు ఆయనే అంటారులే అనుకునేదాన్ని. ఇలా అనుకుంటూ నాలుగేళ్ళు గడిపాను. పేపరు వాళ్ళు ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వేస్తామన్నారు. మా వారు ముందుమాట కూడా రాసేశారు. ‘ఈ నగరంలో నేను నడవని వీధి లేదు’ అన్నది అందులో మొదటి వాక్యం.

గడియారాలావిడ నాకు తారసపడింది ఆ రోజుల్లోనే. మందుల హోల్‌సేల్ షాపుల వెనక ఒక సన్నటి సందు ఉంది. అందులో ఒకప్పుడు నాలుగు గడియారాల కొట్లుండేవి. కవర్ల మీద చదివాను కాబట్టి లెక్క నాకు ఖాయంగా తెలుసు. ఇప్పుడు రెండింట్లో ఫోన్లకి అద్దాలు వేస్తున్నారు, ఒకటి జిరాక్సు. చివరిది మాత్రం తెరిచి ఉంది. చిన్న కౌంటరు, దాని వెనక ముదురాకుపచ్చ కర్టెన్ ఒక పక్కకి లాగేసి ఉంది. ఆ లోపల దీపం కింద ఒకావిడ, నా వయసుదే, కంటికి భూతద్దం బిగించుకుని పట్టకారుతో ఏదో పట్టుకుని ఉంది.

“ఒక్క నిమిషం ఆగండి. ఊపిరి కూడా గట్టిగా వదలకండి,” అంది తలెత్తకుండా.

ఆగాను. తర్వాత తెలిసింది, ఆవిడ పట్టుకున్నది వెంట్రుకంత స్ప్రింగు అని.

ఆ రోజు గంటసేపు కూర్చున్నాను. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్ళాను, వెళ్ళినప్పుడల్లా కాసేపు. ఆవిడ పని చేస్తూనే మాట్లాడేది. భర్త పోయి ఆరు నెలలైంది. బోర్డు మీద ఆయన పేరే ఉంది. పెళ్ళైన రెండో ఏడు నుంచే ఆయనకి చేతులు వణకడం మొదలైందట. బయటికి తెలిస్తే గిరాకీ పోతుందని కర్టెన్ కట్టించారట. “ఆయన కౌంటర్లో కూర్చుని గడియారం తీసుకునేవాడు. చెవి దగ్గర పెట్టుకుని, ఆఁ, రేపు రండి అనేవాడు. నేను లోపల చేసేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్ళు ఈ కర్టెన్ వెనకే. ఆయనకి పేరెంతో తెలుసా? పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆ చేతుల్లో ఏదో మహత్తు ఉందనేవాళ్ళు.” నవ్వింది. “ఆయన పోయాక కర్టెన్ తీసేశాను. మొన్నొకాయన వచ్చి, అయ్యో, ఇప్పుడు చేసేవాళ్ళెవరూ లేరా అన్నాడు. నేనున్నాను కదండీ అంటే జోకనుకున్నాడు.”

“మీకు కోపం రాలేదా?”

“ఆయన బతికున్నప్పుడు రాలేదు. ఇప్పుడొస్తోంది. ఎవరి మీద చూపించను?” అంది. తర్వాత గొంతు తగ్గించి, “ఇదంతా మీకొక్కరికే చెప్పాను. ఎందుకో చెప్పాలనిపించింది,” అంది.

ఇంటికొచ్చి స్టూలు మీద కూర్చుని అంతా చెప్పేశాను. నాకొక్కదానికే చెప్పిన మాట. కర్టెన్ దగ్గర నుంచి స్ప్రింగు దాకా ఒక్కటీ వదల్లేదు. ఇన్నాళ్ళూ కొట్లు, గోడలు చెప్పాను, ఈసారి ఒక మనిషిని తెచ్చాననిపించింది. ఆయన గబగబా రాసుకుంటుంటే సంబరపడ్డాను. ఇది అచ్చయితే ఆవిడ కొట్టు ముందు జనం నిలబడతారనుకున్నాను. ఇంకోటి కూడా అనుకున్నాను, పైకి అనుకోలేదు. ఇది రాస్తున్నప్పుడైనా ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందేమో, తలెత్తి నావైపు చూస్తారేమో అని.

ఆదివారం ఎప్పట్లాగే పైకి చదివారు. ‘ఆ మహత్తు గల చేతులతో పాటే ఆ విద్యా ఆగిపోయింది. ఈ నగరపు చివరి గడియారాల పనివాడు ఇక లేడు. ఇప్పుడా కొట్లో కదలని ముళ్ళ మధ్య ఒక భార్య భర్త జ్ఞాపకాలకి కాపలా కాస్తూ కూర్చుని ఉంది.’

“ఎలా ఉంది?” అన్నారు.

“పని చేసేది ఆవిడండీ. ఇప్పటికీ చేస్తోంది. నేను చెప్పాను కదా.”

“చెప్పావు. కానీ వ్యాసానికి ఒక ముగింపు కావాలి. ఆవిడ శుభ్రంగా రిపేర్లు చేసుకుంటోందంటే ఇంక అందులో ఏముంది? పోయినవాటి గురించి రాస్తేనే జనం చదువుతారు.”

“ఆవిడ పోలేదు.”

“అబ్బా, ఉపమానంగా అన్నదాన్ని పట్టుకుని వేలాడతావేం? కాఫీ ఉందా?”

ఉంది. ఇచ్చాను. ఇచ్చి, స్టవ్వు దగ్గర కాలు మార్చి కాలు మార్చి నిలబడ్డాను.

ఆ తర్వాత ఐదు వారాలు ఆ సందు మొహం చూడలేదు. మందుల హోల్‌సేల్ షాపుల దాకా వెళ్ళి వెనక్కి తిరిగేదాన్ని. ఊరంతా తిరుగుతున్నాను, ఒక్క సందు తప్ప. పళ్ళలో ఒకటి నొప్పిగా ఉంటే నాలుక అక్కడికే పోయినట్టు, ఏ వీధిలో ఉన్నా ఆ సందే గుర్తొచ్చేది. ఆరో వారం ఇంక తట్టుకోలేక వెళ్ళాను.

కొట్టు తెరిచే ఉంది. ఆవిడ పని చెయ్యడం లేదు. కౌంటరు మీద ఒక కాగితం పరిచి, ఎగిరిపోకుండా రెండు పక్కలా రెండు అలారం గడియారాలు పెట్టి చూస్తోంది. నన్ను చూడగానే, “మీరు చదువుకున్నవాళ్ళు, ఇదేంటో చూడండి,” అని నావైపు తిప్పింది.

కొట్టు యజమాని పంపిన నోటీసు. గడియారాల పని జరుగుతున్నంత కాలమే ఆ కొట్టు వాళ్ళదని పాత ఒప్పందంలో ఒక షరతుంది. పనివాడు చనిపోయాడు కాబట్టి పని ఆగిపోయింది, ఖాళీ చెయ్యాలి. అద్దె తగాదాలు చూసే ఆఫీసులో విచారణ వచ్చే గురువారం. పని ఆగిపోయిందనడానికి రుజువుగా, నగర చరిత్రకారులు, గౌరవనీయులు అయిన ఫలానా వారు స్వయంగా చూసి రాసిన వ్యాసం జతచేశారు. వెనక పేజీకి ఆ కత్తిరింపు పిన్ను చేసి ఉంది. పక్కన మా వారి చిన్న ఫొటో. ఆ ఫొటోలోని చొక్కా ఇస్త్రీ చేసింది నేనే.

“ఈయనెవరో గానీ మా కొట్టుకి ఎప్పుడూ రాలేదు,” అంది ఆవిడ. “వచ్చినవాళ్ళు నాకు గుర్తుంటారు. మరి కర్టెన్ సంగతి ఎలా తెలిసింది? ఆకుపచ్చ అని కూడా రాశాడు.”

చేతిలో సంచి కింద పెట్టాను. “నేను చెప్పాను,” అన్నాను. “ఆయన మా వారు. ఆయన నడవలేరు. నేను తిరిగి చూసి వచ్చి చెప్తాను, ఆయన రాస్తారు. మీరు పని చేస్తున్నారని కూడా చెప్పాను. ఆయన అది వదిలేశారు.”

తిడుతుందనుకున్నాను. ఆవిడ భూతద్దం తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ బల్ల మీద పెట్టింది.

“మా ఆయన కనీసం కౌంటర్లో కూర్చునేవాడు,” అంది.

ఇంటికెలా వచ్చానో తెలియదు. దార్లో ఏ కొట్టు ఉందో, ఏది పోయిందో చూడని రోజు నాలుగేళ్ళలో అదొక్కటే. రాగానే ఆయన ముందు నోటీసు సంగతి పెట్టాను. రెండు లైన్లు చాలండీ, పొరపాటు జరిగింది, ఆవిడే పని చేస్తోంది, అంతే వెయ్యమనండి అన్నాను.

ఆయన మొహంలో రంగు మారింది. కొట్టు పోతుందని కాదు. “ఇప్పుడా? పుస్తకం ప్రెస్సులో ఉండగానా? ఒక్కటి తప్పంటే మిగతా రెండువందల వ్యాసాలూ అనుమానంలో పడతాయి. నువ్వు చూశావా అని ఎవడో ఒకడు అడుగుతాడు. అప్పుడేం చెప్పమంటావు?”

“ఉన్నది చెప్పండి.”

“ఏంటి ఉన్నది? మా ఆవిడ కూరగాయలకి వెళ్ళి చూసొచ్చింది అని చెప్పనా?”

ఆ మాట అన్నాక ఆయనే కాస్త తగ్గారు. మెత్తగా, “అయినా ఆ సందులో కొట్లన్నీ పోతూనే ఉన్నాయని నువ్వే చెప్పావు కదా. ఇవాళ కాకపోతే రేపు. వాళ్ళ తగాదా వాళ్ళు చూసుకుంటారు. నీకెందుకీ ఊరికే ఆరాటం?” అన్నారు. మంచం మీంచి అత్తయ్య, “ఏంటిరా, ఏమంటోంది?” అని అరిచింది. “ఏం లేదమ్మా,” అన్నారాయన.

మర్నాడు నేనే పేపరాఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి సంపాదకుడు మర్యాదస్తుడే. అంతా విని, “మీరు చెప్పింది నిజమే అయ్యుండొచ్చమ్మా. కానీ వ్యాసం మాస్టారిది. సవరణ ఆయన పంపితేనే వేస్తాం. మీరు ఆయనకి చెప్పండి, ఆయన మాకు చెప్తారు,” అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఎక్కడికి వెళ్ళాలన్నా మా హాల్లో ఉన్న ఆ కుర్చీ మీదుగానే వెళ్ళాలి కాబోలు.

గురువారం పొద్దున్న అత్తయ్యకి స్నానం చేయించాను. ఇద్దరికీ మధ్యాహ్నం భోజనం వండి మూతలు పెట్టాను. బయల్దేరుతుంటే మా వారు పిలిచి, “ఆ రైల్వే గేటు దగ్గర పాత సోడా ఫ్యాక్టరీ కూలగొడుతున్నారట, ఓసారి చూసి రా. మిషన్లేమైనా మిగిలాయేమో అడుగు,” అన్నారు. సరేనన్నాను. వీధి చివరిదాకా రైల్వే గేటు వైపే నడిచాను. అక్కడ ఆగి, కుడివైపు తిరిగాను.

విచారణ జరిగే ఆఫీసుకి నలభై నిమిషాల నడక. బస్సుంది గానీ ఎక్కలేదు. కూర్చోవడం నావల్ల కాలేదు. నడుస్తూనే వెనక్కి తిరిగిపోదామని మూడుసార్లు అనుకున్నాను. వయసైన మనిషి, ఆయనకి మిగిలింది ఆ ఆదివారం పేజీ ఒక్కటే, దాన్ని నా చేతులతో చింపెయ్యనా అని ఒక కాలు వెనక్కి లాగింది. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళు కర్టెన్ వెనక కూర్చుంది, తీరా కర్టెన్ తీశాక కూడా లేదని రాయించింది నేను కదా అని ఇంకో కాలు ముందుకి లాగింది. పూలకుండీల షాపు దాటాను. నిన్నటిదాకా పుస్తకాల కొట్టున్న చోట కొత్త షట్టరుకి రంగు వేస్తున్నారు. ఆ రంగేమిటో చూశాను, దాన్ని ఆయనకెలా చెప్పాలో మాటలు వాటంతటవే లోపల పేర్చుకోబోతే, ఆపాను. నేను చూసింది కాసేపు నా దగ్గరే ఉంచుకుందామనిపించింది. అంత చిన్న పని అంత కష్టంగా ఉంటుందని అనుకోలేదు.

విచారణ గదంటే పెద్ద కోర్టేమీ కాదు. పొడుగాటి బల్ల, దాని వెనక అధికారిగా నెరిసిన జుట్టు ఉన్న ఒకావిడ. పక్కన టైపు చేసే అమ్మాయి. ఇటువైపు యజమాని, ఆయన లాయరు. అటు చివర గడియారాలావిడ ఒక్కతే, ఒళ్ళో పనిముట్ల పెట్టె పెట్టుకుని ఉంది. నన్ను చూసి పలకరించలేదు. వెనక బెంచీ మీద కూర్చున్నాను.

లాయరు మా వారి వ్యాసం పైకి చదివాడు. మా వారి కంటే బాగా చదివాడు. గడియారాలావిడ లేచి, “పని నేనే చేస్తానండీ, మొదట్నుంచీ నేనే. కావాలంటే ఇప్పుడే ఒకటి ఇవ్వండి, విప్పి బిగించి చూపిస్తా,” అంది.

లాయరు చిరునవ్వు నవ్వాడు. “బల్ల మీద ఒకటి బిగించినంత మాత్రాన కొట్లో వ్యాపారం నడుస్తున్నట్టు కాదమ్మా. ఇంత పెద్ద చరిత్రకారుడు, ఊళ్ళో గడప గడపా తిరిగి కళ్ళారా చూసి రాసింది అబద్ధం, మీరు చెప్పేదే నిజం అంటారా?”

నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో నాకే తెలియలేదు. కాళ్ళే లేపాయి.

“మీరెవరు?” అంది అధికారి.

“ఆ రాసినాయన భార్యనండీ.”

లాయరు మొహం వెలిగిపోయింది. “రండమ్మా, రండి. సమయానికొచ్చారు. మాస్టారు ఆ కొట్టుకి ఏ రోజు వెళ్ళారో, ఏం చూశారో మీరే చెప్పండి,” అని కుర్చీ కూడా జరిపాడు.

ఆ తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఆ కొట్టు తగాదా ఇంకో మూడు వాయిదాలు నడిచి గడియారాలావిడ పక్షాన తేలింది. బోర్డు మీద తన పేరు రాయించుకుంది. మా వారి పుస్తకం వచ్చింది, ముందుమాటలో మొదటి వాక్యం లేకుండా. పేపర్లో వ్యాసాలు ఆగిపోయాయి. ఆయన నాతో పంతొమ్మిది రోజులు మాట్లాడలేదు. ఇరవయ్యో రోజు ఉప్పు అడిగారు. మా ఇంట్లో వాయిదాలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కానీ ఆ గదిలో నిలబడినప్పుడు ఇవేవీ నాకు తెలియవు. కొట్టు నిలుస్తుందో లేదో, ఆ సాయంత్రం నేను ఏ ఇంటికి, ఏ మొహంతో వెళ్తానో కూడా తెలియదు. తెలిసిందల్లా ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక గదిలో నలుగురు నేనేం చెప్తానా అని చూస్తున్నారని.

కుర్చీలో కూర్చోలేదు. “ఆయన ఆ కొట్టుకి ఏ రోజూ వెళ్ళలేదండీ,” అన్నాను. “ఆ కొట్టుకే కాదు, నాలుగేళ్ళుగా ఆయన ఏ వీధిలోకీ వెళ్ళలేదు. తిరిగింది నేను. చూసింది నేను. ఆవిడ భూతద్దం పెట్టుకుని పని చేస్తుంటే ఎదురుగా కూర్చుని నాలుగుసార్లు చూశాను.”

గడియారాలావిడ తలెత్తి నన్ను చూసింది. టైపు చేసే అమ్మాయి వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

అధికారి కళ్ళజోడు తీసి, నాకోసమే అన్నట్టు గొంతు తగ్గించింది. “అమ్మా, ఇక్కడ చెప్పింది మీ పేరుతో రికార్డులో ఉండిపోతుంది. తర్వాత కాదంటే కుదరదు. మీ ఇంటి సంగతి కూడా ఉంది ఇందులో. ఆలోచించుకుని చెప్పండి. రాసుకోమంటారా?”

“రాసుకోండి,” అన్నాను.